బతికున్న రిఫరీకి నివాళి

"మా తాతయ్యను ఎందుకు చంపారు?"

సబ్ ఎడిటర్ తలెత్తాడు. ఎదురుగా తెల్లకోటు, తడిసిన జుట్టు, చేతిలో ఆ రోజు పేపరు. బయట వాన దంచికొడుతోంది. ఇంత కోపంలోనూ ఇంత అందంగా ఉండటం అన్యాయమనిపించింది అతనికి. పైకి అనడానికి అది సమయం కాదు.

ఆమె పేపరు బల్ల మీద పరిచింది. 'ఈ ఏడాది మనకు దూరమైనవారు.' పూర్తి పేజీ. తోకచుక్కను కనిపెట్టిన శాస్త్రవేత్త, పాటతో ఇంటింటి పిల్లల్నీ నిద్రపుచ్చిన గాయని, వంతెనల ఇంజనీరు, తన బట్టతలనే ఎక్కువసార్లు గీసుకున్న కార్టూనిస్టు. కింద మూలన ఒక ఫుట్‌బాల్ రిఫరీ. ఆమె వేలు ఆ ఫొటో మీద ఆగింది.

"ఈయన ఇప్పుడు మా ఇంట్లో కాఫీ తాగుతున్నారు. పంచదార తక్కువైందని గొడవ కూడా చేస్తున్నారు."

అతని నోరు తెరుచుకుంది.

"మూసుకోండి. నేను పళ్ల డాక్టర్ని. పొద్దుట్నుంచీ తెరిచిన నోళ్లే చూస్తున్నాను."

పత్రికల్లో ఇదొక అలవాటు. పేరున్న పెద్దవాళ్ల నివాళులు వాళ్లు బతికుండగానే రాసి ఉంచుతారు. కబురు రాగానే తేదీ కలిపి అచ్చుకు పంపుతారు. ఆ రాతపని ఇతనిదే కాబట్టి ఆఫీసంతా అతన్ని చిత్రగుప్తుడంటుంది. నిన్న పేజీలో ఒక మూల ఖాళీ మిగిలితే, డిజైనర్ సిద్ధంగా ఉన్నవాటిలోంచి అందులో పట్టేదాన్ని తీసి పెట్టేశాడు. ప్రూఫు చూసింది చిత్రగుప్తుడే. తన వాక్యాలు తనకే ముద్దొచ్చి మళ్లీ మళ్లీ చదువుకున్నాడు. మనిషి ఉన్నాడా లేడా అన్నది మాత్రం చూసుకోలేదు.

ఎడిటర్ గదిలోంచి పిలుపొచ్చింది. తలుపు తెరిచే ఉంది కాబట్టి తిట్లన్నీ ఆమెకూ వినిపించాయి. సాయంత్రం మీటింగ్ లోపు ఆ పెద్దాయనే ఫోన్ చేసి క్షమించానని చెప్పాలి. లేకపోతే చిత్రగుప్తుడు రేపట్నుంచి రానక్కర్లేదు.

అతను బయటికొచ్చేసరికి ఆమె కోపం సగం దిగింది.

"పదండి, నా స్కూటర్ మీద వెళ్దాం. చనిపోయినాయనే మిమ్మల్ని చూడాలంటున్నారు."

దారిలో ఇంకా ఎవరెవరివి రాసి ఉంచాడో అడిగింది. అది ఆఫీసు రహస్యమన్నాడు. మరి వాళ్లెవరైనా రోడ్డు మీద ఎదురైతే ఏమనిపిస్తుందంది. ఆరోగ్యం జాగ్రత్తండీ అని చెప్పబుద్ధేస్తుందన్నాడు. ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వును అతను అద్దంలో చూస్తుండగా పట్టేసుకుంది.

"అద్దం ఉన్నది వెనకొచ్చే బళ్ల కోసమండీ."

"నేనూ వెనకే ఉన్నాను కదా."

స్కూటర్ కాస్త వంకర తిరిగి మళ్లీ సర్దుకుంది.

ఇంట్లో పరామర్శకు వచ్చినవాళ్లకు తాతయ్యే ఎదురెళ్లి కుర్చీలు చూపిస్తున్నాడు. తన గురించి వాళ్లు చెప్పబోయిన మంచి మాటలన్నీ ఇప్పుడే చెప్పమంటున్నాడు. చిత్రగుప్తుణ్ని చూసి ఆయన ఏమాత్రం కోప్పడలేదు. బతికున్నన్నాళ్లూ ఆ గాయని పక్కన నిలబడే అదృష్టం దక్కలేదని, పేపర్లో దక్కిందని సంబరపడ్డాడు. తోకచుక్క శాస్త్రవేత్త సరసన తనను పెట్టడం ఇంకా నచ్చిందన్నాడు. తర్వాత కళ్లజోడు సరిచేసుకున్నాడు.

"ఒక్క మాట మాత్రం మార్చాలి బాబూ. 'ఈ రిఫరీ చేసిన ఒకే ఒక్క తప్పు, ఫైనల్లో ఇచ్చిన ఆ పెనాల్టీ' అని రాశావు. అది తప్పు కాదని రేపు వెయ్యి. మీ ఎడిటర్‌కి ఇప్పుడే ఫోన్ చేస్తాను."

ఆయన వెనక నిలబడిన మనవరాలు సరేననెయ్యమని కళ్లతోనే చెప్పింది. ఒక్క మాటతో ఉద్యోగం దక్కుతుంది. చిత్రగుప్తుడు తల అడ్డంగా ఊపాడు.

"తాతగారూ, మీరు నిక్షేపంగా ఉన్నారని రేపు పెద్దక్షరాల్లో వేస్తాం. తప్పు నాది, కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను. కానీ ఆ ఫౌల్ పెనాల్టీ బాక్స్ గీతకి బయట జరిగింది. వీడియో ఆపి ఆపి చూశాను. మీరున్నా లేకపోయినా అది పెనాల్టీ కాదు."



"గ్రౌండ్‌లో ఇలా మాట్లాడినవాణ్ని బయటికి పంపేసేవాణ్ని" అన్నాడు తాతయ్య, గుమ్మం వైపు చూపిస్తూ.

చిత్రగుప్తుడు దణ్ణం పెట్టి బయటికి నడిచాడు. మెట్ల మీద బూట్లు తొడుక్కుంటుంటే తల మీద గొడుగు విచ్చుకుంది.

"చిన్న అబద్ధం. ఆడేస్తే మీ సొమ్మేం పోయేది?"

"ఆ పేజీలో మిగతావాళ్లున్నారు కదండీ. ఒక్కరి గురించి అబద్ధం రాస్తే, వాళ్ల గురించి రాసిందీ ఎవరూ నమ్మరు."

ఆమె గొడుగు అతని వైపు ఇంకాస్త వంచింది.

"ఆ ఇంజనీరు, కట్టిన ప్రతి వంతెన మీదా ముందు వాళ్లమ్మను నడిపించేవాడని రాశారే. మిమ్మల్ని తిట్టడానికి బయల్దేరుతూ అది చదివాను. ఏడుపొచ్చింది. దాంతో ఇంకా ఒళ్లు మండింది."

లోపల్నుంచి తాతయ్య గొంతు ఖంగుమంది. ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "ఎడిటర్ గారూ, ఆ కుర్రాణ్ని తీసేస్తే మర్యాదగా ఉండదు. మళ్లీ నా గురించి రాయాల్సింది కూడా అతనే. తొందరేం లేదని చెప్పండి. పెనాల్టీ సంగతి మేమూ మేమూ తేల్చుకుంటాం, రోజూ వచ్చి వాదించమనండి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గొడుగు చిన్నది. ఎవరూ పక్కకి జరగలేదు.

"నా గురించైతే ఏం రాసి ఉంచుతారు?" అడిగింది.

"రాయను."

"ఎందుకని?"

"నేను రాసేవాళ్లందరినీ దూరంగా ఉండే తెలుసుకున్నాను. మిమ్మల్ని దగ్గరుండి తెలుసుకోవాలనుంది. చాలా ఏళ్లు."

"ఇది ఫైనల్ కాపీయేనా?"

"డ్రాఫ్ట్. మీరెలా దిద్దినా సరే."

"చాలా ఏళ్లు అన్నారే, అది తీసేయండి. ఎప్పటికీ అని పెట్టండి." అనేసి ఆమె వాన వైపు తిరిగిపోయింది. చెవులు మాత్రం ఎర్రగా కనిపిస్తూనే ఉన్నాయి.

వెనక కిటికీ తెరుచుకుంది. తాతయ్య ఎప్పట్నుంచి వింటున్నాడో తెలీదు. నోట్లో విజిల్ ఉంది. పొట్టిగా ఒక్కసారే ఊదాడు.

అతను కంగారుగా ఆమె వైపు చూశాడు. "ఫౌలా?"

"కాదు" అంది ఆమె, అతని చెయ్యి అందుకుంటూ. "ఆట మొదలుపెట్టమంటున్నారు."