రమ్ము గదిలో పిస్తోలు

"ఆగరా! ఆగు!"

జాగో ఆగడు. నిచ్చెన మీంచి ఒక్క దూకు దూకుతాడు.

పైన పట్టపగలు. ఓడ అడుగున మాత్రం ఎప్పుడూ కటిక చీకటే.

ఉప్పు మాంసం పీపాల సందులోంచి పరుగు. చేతిలో గొడ్డలి. వెనకాల ఎర్రకోటు సిపాయిల బూట్ల చప్పుడు... దగ్గరవుతోంది!

డెక్ మీద ఎనాక్ మామని కట్టేశారు. రమ్ము దొంగిలించాడట! మధ్యాహ్నం అందరికీ రమ్ము పంచేలోపు కొరడా దెబ్బలు. జాగోకి తెడ్డు పట్టడం నేర్పిన మనిషి, తన బిస్కెట్లో సగం విరిచి పెట్టిన మనిషి. ఆ ముసలి ఒళ్ళు తట్టుకోదు.

అసలు దొంగ సరుకుల అధికారి హాస్కిన్స్. సిడ్నీ రేవులో రమ్ము అమ్మేసి పీపాల్లో నీళ్ళు పట్టించాడు. జాగో కళ్ళారా చూశాడు. చెబితే వినేదెవరు? తాళంచెవి ఉన్నవాడిదే మాట!

రమ్ము గది తలుపు తీసే ఉంది. లోపల హాస్కిన్స్!

ఈ గదిలోకి దీపం కూడా తేకూడదు. గోడకున్న గాజు పలక అవతల పెడతారు. ఒక్క నిప్పురవ్వ పడితే ఓడంతా బుగ్గిపాలే.

జాగో మూల పీపా దగ్గరికి ఉరికి గొడ్డలి ఎత్తుతాడు.

"ఇందులో ఏముంది దొరా?"

హాస్కిన్స్ మొహం పాలిపోయింది. మొలలోంచి పిస్తోలు తీశాడు. "రమ్మురా వెధవా! గొడ్డలి కింద పడెయ్!"

"పడెయ్యను! బద్దలు కొడతా. అందరూ చూడనీ!"

గుమ్మంలో లెఫ్టినెంట్ ఆమరీ. వెనక సిపాయిలు.

"హాస్కిన్స్! పిస్తోలు దించండి! ఇది రమ్ము గది! అందరం పోతాం!"

"వీడు తాగి ఉన్నాడు సార్!"

జాగో నవ్వుతాడు. పీపాకి వీపు ఆనించి ఛాతీ విరుచుకుని నిలబడతాడు.

"కాల్చు దొరా! నువ్వు పేల్చినా సరే, నేను కొట్టినా సరే... ఈ పీపా ఇవాళ పగలాల్సిందే!"

"ఒరేయ్... వద్దు..." హాస్కిన్స్ పిస్తోలు గురిపెట్టాడు.

"మా మామ వీపు చీలుస్తారా? నీ కోసమా?"

గొడ్డలి గాల్లోకి లేచింది.

ఢాం!

జాగో భుజం భగ్గుమంది. తూటా చర్మం చీల్చుకుని పీపాలో దిగింది. పొగ... తర్వాత నిశ్శబ్దం.

మంట లేదు!

పీపాలోంచి బొటబొటా కారుతోంది. జాగో దోసిట పట్టి గుటక వేసి, తుపుక్కున ఉమ్మేశాడు.

"నీళ్ళు సార్! మురిగిన నీళ్ళు!"

లెఫ్టినెంట్ నేల మీద బోర్లా పడి ఉన్నాడు. సిపాయిలు తలలు చేతుల్లో దాచుకుని వణుకుతున్నారు.

నిలబడి ఉన్నది జాగో... హాస్కిన్స్.

ఆమరీ మెల్లగా లేచాడు. కత్తి దూశాడు.

"పేలితే అందరం పోతామని మేం పడుకున్నాం. వీడు తెగించి నిలబడ్డాడు. మరి మీరు... మీకెందుకు భయం వెయ్యలేదు హాస్కిన్స్?"