అక్షకేతుడి పిడికిలి

కుందనగిరి రాజ్యంలో ఆ ఏడు వానలు బాగానే కురిశాయి, పంటలూ బాగానే పండాయి. చంటిపిల్లలకు మాత్రం నిద్ర లేకుండా పోయింది. ఎంత ఊపినా, ఎంత జోకొట్టినా ఒక్క బిడ్డ కూడా కన్ను మూయదు. ఏడ్చి ఏడ్చి పిల్లల గొంతులు బొంగురుపోయాయి. ఊపి ఊపి తల్లుల చేతులు పడిపోయాయి.

ఇది రోగం కాదు పిల్లలూ, రాజుగారి నిర్వాకం. నల్లకొండ మీద అక్షకేతుడనే మాంత్రికుడు పాచికల సభ పెట్టుకుని ఉన్నాడు. చంద్రధ్వజ మహారాజు వేటకు వెళ్ళి, అక్కడ ఆటకు కూర్చున్నాడు. గుర్రాన్ని ఓడాడు, కత్తిని ఓడాడు. కిరీటం ఒడ్డడానికి మాత్రం చెయ్యి రాలేదు. "పోనీ, నీ రాజ్యంలోని చంటిపిల్లల నిద్ర ఒడ్డు. నీకేం నష్టం?" అన్నాడు మాంత్రికుడు. అవును, అదేం పెద్ద సంగతి అనుకున్నాడు రాజు. ఒడ్డాడు, ఓడాడు, కిరీటం సర్దుకుని ఇంటికి వచ్చాడు.

చాపలు అల్లేవాళ్ళ వాడలో నాంచారి అనే అమ్మాయి ఉండేది. ఆమె తమ్ముడు బుజ్జయ్య ఇంకా పాకడమైనా రాని పసివాడు. నిద్రలేక వాడి కళ్ళు గుంటలు పడ్డాయి. పాలు పడితే పెదవుల పక్కనుంచి కారిపోతున్నాయి. ఒకనాడు పొద్దున్నే వాడు ఏడవడానికి నోరు తెరిచాడు గానీ శబ్దం రాలేదు. అది చూసి వాళ్ళమ్మ గోడకు జారగిలబడి అలాగే ఉండిపోయింది.

రాజు ఆడిన పాచికల సంగతి అప్పటికే వాడవాడలా పాకింది. నాంచారి తమ్ముణ్ణి చంకనెత్తుకుని నేరుగా కోటకు వెళ్ళింది.

"మారాజా, పోగొట్టింది తమరు. తెచ్చిపెట్టేదీ తమరే."

రాజు తల వంచుకున్నాడు. "వాణ్ణి గెలవడం ఎవరి తరమూ కాదమ్మా. మన రాత ఇంతే."

"తమరి రాత బాగానే ఉంది మారాజా. పోతున్నది మా బుజ్జిగాడి ప్రాణం. తమరు కూర్చోండి, నేను పోతా."

అమ్మకు బిడ్డను ఎత్తుకునే ఓపిక లేదు. అందుకని పాత చీర ముక్కతో జోలె కట్టి, వాణ్ణి వెంటబెట్టుకునే నాంచారి అడవిలోకి అడుగు పెట్టింది.

అడవి నడుమ దారికి అడ్డంగా ఒక కొండముచ్చు కూర్చుని ఉంది. దాని ముందు మూడు కొబ్బరి చిప్పలు బోర్లించి ఉన్నాయి.

"ఏమే పిల్లా, ఎక్కడికే అంత ఊపు మీద? ఇదిగో రేగిపండు, ఒక చిప్ప కింద పెడుతున్నా. ఎక్కడుందో చెప్తే దారి. చెప్పలేకపోతే వెనక్కి" అంటూ చిప్పలను గిరగిరా తిప్పింది.

నాంచారి కుడివైపు చిప్ప చూపింది. ఖాళీ! మళ్ళీ ఆడింది. మళ్ళీ ఖాళీ! కొండముచ్చు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వులో ఒక బుగ్గే కదిలింది. రెండోది బిగుసుకుని ఉంది.

"ఈసారి నేను చూపించను. మూడు చిప్పలూ నువ్వే ఎత్తు" అంది నాంచారి.

"అదేం ఆటే? ఆటకో పద్ధతుండదూ?"

"ఉంటుంది. పండు ఆటలో ఉండాలి, నీ బుగ్గలో కాదు. ఉమ్ము!"

కొండముచ్చు గుటక వేయబోయి పొలమారి దగ్గింది. రేగిపండు ఎగిరి పొదల్లో పడింది. అది సిగ్గుతో తోకను కళ్ళకు చుట్టుకుని దారి వదిలింది. "అందరూ చిప్పలకేసి చూస్తారు. నా మొహం చూసినదానివి నువ్వొక్కదానివేనే" అని గొణిగింది.

అడవి దాటాక ఏటి ఒడ్డున ఒక ముని కనిపించాడు. చీమలు కుడుతున్నా ఆయన మొహంలో చిరునవ్వు చెదరలేదు.

"అంత శాంతం ఎలా వచ్చింది స్వామీ?" అని అడిగింది నాంచారి.

"రాలేదు తల్లీ, పోయింది. అక్షకేతుడితో ఆడి నా కోపాన్ని ఓడిపోయాను. మేకలు నా పర్ణశాల కప్పు తినేశాయి. నేను నవ్వుతూ చూశాను. జనం మహర్షినంటున్నారు."

నాంచారికి జాలీ వేసింది, నవ్వూ వచ్చింది. కొండ మీది సభ గురించి అడిగింది.

"వాడు పాచికలు మారుస్తాడమ్మా. ఆ సంగతి అందరికీ తెలుసు, చూపించినవాళ్ళు లేరు. వాడి దొంగ పాచికలు సభలో బయటపడితే గెలిచినవన్నీ ఎవరివి వాళ్ళకు తిరిగిపోతాయి. కానీ ఆట సాగుతుండగా వాడి చేతిని నువ్వు తాకావో, రుజువు లేకుండా మోసమన్నావో, ఇత్తడి దీపస్తంభమైపోతావు. అక్కడ చాలా దీపస్తంభాలున్నాయి. వెనక్కి వెళ్ళు తల్లీ."

బుజ్జయ్య జోలెలో బరువుగా వేలాడుతున్నాడు. వాడి ఊపిరి తగులుతోందా లేదా అని నాంచారి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. "వెనక్కి పోయి అమ్మకు ఏం చూపించను స్వామీ?" అంది. కొండ ఎక్కసాగింది.

సభంతా రాక్షసులతో కిటకిటలాడుతోంది. నడుమ పట్టు తివాచీ మీద అక్షకేతుడు కూర్చున్నాడు. చుట్టూ దీపస్తంభాలు. ఒక్కోదానికీ మనిషి మొహం, ఆ మొహం మీద అరవబోయి ఆగిపోయిన నోరు.

"ఓహో! రాజు రాలేదు గానీ చాపల పిల్లను పంపాడా?" అన్నాడు మాంత్రికుడు. రాక్షసులు పగలబడి నవ్వారు.

"నన్నెవరూ పంపలేదు. నేనే వచ్చా. వెయ్యి పాచికలు!"

మొదటి ఆటకు తన జడను ఒడ్డింది. పాచికలు దొర్లాయి. మాంత్రికుడికి రెండింటి మీదా ఆరేసి చుక్కలు పడ్డాయి. మరుక్షణం నాంచారి తల బోడి అయింది. సభ ఈలలు వేసింది. కానీ ఆమె పాచికలవైపు చూడనే లేదు. వాడి కుడిచేతి చివరి రెండు వేళ్ళను చూస్తోంది. అవి ఒక్కసారీ విచ్చుకోలేదు. పానకం తాగినా ఎడమ చేత్తోనే. ఈగను తోలినా ఎడమ చేత్తోనే.

'అక్కడుంది. కానీ ఎలా తెరిపించను?' అనుకుంది.

"ఇప్పుడు ఆ పిల్లాణ్ణి ఒడ్డు. గెలిస్తే నిద్ర నీది. ఓడితే వాడు నా వాడు" అన్నాడు అక్షకేతుడు.

నాంచారి జోలె ముడి విప్పింది. "ఒడ్డమంటున్నావు సరే, సరుకు చూసుకోవద్దూ? బిడ్డ బరువెంతో, బాగున్నాడో లేదో ఎత్తుకుని చూడు."

"ఇలా తే" అని వాడు ఎడమ చెయ్యి చాచాడు.

నాంచారి బుజ్జయ్యను ఆ చేతిలో కూర్చోబెట్టింది. తన రెండు చేతులనూ తాకీ తాకకుండా బిడ్డ వీపు వెనకే ఉంచింది. ఎన్నో చేతులను ఓడించిన మాంత్రికుడి చేతిలో ఇంతవరకూ ఎవరూ చంటిబిడ్డను పెట్టలేదు. పరాయి చేయి తగలగానే చంటివాళ్ళు ఏం చేస్తారో వాడికేం తెలుసు? పోయిందనుకున్న గొంతు పెగిలి బుజ్జయ్య కెవ్వుమన్నాడు. మిగిలిన సత్తువంతా కూడగట్టుకుని విల్లులా వెనక్కి విరుచుకున్నాడు. తడిపి కూడా పెట్టాడు.

"అయ్యో, పడతాడు!" అని సభంతా అరిచింది. అక్షకేతుడు ఆలోచించనే లేదు. రెండో చెయ్యి దానంతటదే చాచుకుంది, అరచెయ్యి పూర్తిగా విచ్చుకుని బిడ్డ మెడ కింద చేరింది.

టకటకమని రెండు పాచికలు నేల మీద పడి దొర్లాయి. ఏ ముఖం చూసినా ఆరు చుక్కలే.

"నా చెయ్యి తాకింది! ఆట చెల్లదు!" అని మాంత్రికుడు కేకలు పెట్టాడు.

"నేను తాకలేదు. నువ్వే ఎత్తుకున్నావు. నువ్వే తెరిచావు" అంది నాంచారి.

ఆట మోజులో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న రాక్షసులకు అప్పుడు అర్థమైంది. "మమ్మల్నీ ఇలాగే ముంచావటరా!" అంటూ ఒక్కొక్కరే లేచారు. దీపస్తంభాలు కదిలి మనుషులయ్యాయి. ఆగిపోయిన అరుపులన్నీ ఒక్కసారిగా మోగాయి. నాంచారి జడ తిరిగొచ్చి వీపు మీదికి జారింది. ఆ గొడవలో ఆమె తమ్ముణ్ణి లాక్కుంది. వాడు ఆవలించి, ఆమె భుజం మీద మొహం రుద్దుకుని కళ్ళు మూశాడు. ఇంత బరువైన నిద్రను ఆమె ఎన్నడూ మోయలేదు. దారిలో ముని ఎదురయ్యాడు. కళ్ళెర్రజేసి, కర్ర ఊపుకుంటూ, "ఏడీ వాడు? ఏవీ ఆ మేకలు?" అని కొండకేసి పరుగెడుతున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం చంద్రధ్వజుడు పల్లకి, భేరీలు, సన్నాయిలతో చాపల వాడకు వచ్చాడు. నాంచారి గుమ్మానికి అడ్డంగా నిలబడి చెయ్యెత్తింది.

"ఆపించండి మారాజా ఆ మోత! లోపల మా అమ్మా తమ్ముడూ పడుకున్నారు."

"నిన్ను మహామంత్రిని చేద్దామని..."

"అవుతాను. నా మొదటి ఆజ్ఞ ఇప్పుడే వినండి. తనది కానిదాన్ని ఈ రాజ్యంలో ఎవరూ పందెం కాయకూడదు, రాజైనా సరే. మిగతావి వాళ్ళు లేచాక మాట్లాడదాం."

సేనాపతి కత్తి మీద చెయ్యి వేశాడు. రాజు వద్దని సైగ చేసి, చెప్పులు విడిచి, సగం అల్లిన చాప మీద చప్పుడు కాకుండా కూర్చున్నాడు. ఎండ వాలేదాకా అలాగే కూర్చుని, లోపలినుంచి వినిపిస్తున్న చిన్న గురకను వింటూ ఉండిపోయాడు.