మౌనవాహిక అడగని ప్రశ్న

2084 నాటికి భీమిలి తీరంలో ఇళ్లకు తాళాలు వేసుకునేవారు లేరు. తలుపు మనిషిని గుర్తుపట్టేది, ఆసుపత్రిలో మందుల బీరువా నర్సమ్మను గుర్తుపట్టేది. ఒక యంత్రం ఇంకో యంత్రాన్ని పని అడగాలంటే మాత్రం అరవై నాలుగు అక్షరాల రహస్య వరస ఒకటి చూపించాలి. పాత పుస్తకాల్లో దాన్ని ఏపీఐ కీ అన్నారు. తీరంలో ఇంజనీర్లు గుర్తుచీటీ అనేవారు. ఆ చీటీ దొంగ చేతిలో పడిందా, మందుల బీరువా వాడికీ వినయంగా తెరుచుకుంటుంది.

పట్నం చీటీలు నాలుగు వేలూ పాత సర్వర్ భవనంలో ఉన్నాయి. ఆ ఉదయం వాటిని సముద్రం అడుగున కట్టిన కొత్త సర్వర్‌కి తరలించాలి. పెళ్లివారు విడిది మారేటప్పుడే నగలు పోయినట్టు, ఇలాంటి తరలింపుల్లోనే చీటీలు పోతాయి. అందుకే డాక్టర్ ఇందుజ పదకొండేళ్లు కష్టపడి మౌనవాహిక అనే యంత్రాన్ని తయారుచేసింది. అది ప్రతి చీటీనీ కొత్త సర్వర్ ఒక్కటే విప్పగల ముద్రలో మూసి మోస్తుంది. దారిలో ఎవరూ చదవలేరు, ఇందుజ కూడా. బయలుదేరేముందే ఏ మనిషైనా చీటీని చూసి ఉంటే దాని మీద పఠనముద్ర పడుతుంది. అలాంటి చీటీని మౌనవాహిక మోయదు. చూసినవారెవరో తేలేదాకా కొత్తది పుట్టించదు.

వారం క్రితం ఇందుజ సిబ్బందిని కూర్చోబెట్టి, చీటీలు రాసుకున్న కాగితాలన్నీ దగ్గరుండి చింపించింది. చీటీలన్నిటినీ ఆ రోజే మార్పించింది. చెప్పినవన్నీ శ్రీరంగనీతులే. మంగళవారం సర్వర్ గదిలో తనే ఆసుపత్రి చీటీని తెర మీద తెరిచి, చిన్న కాగితం మీద రాసుకుని పర్సులో పెట్టుకుంది. యంత్రం మధ్యలో మొరాయిస్తే రోగులకు మందులు ఆగిపోతాయి కదా అని సర్దిచెప్పుకుంది. పఠనముద్ర చెరపబోతే చెరగలేదు. చెరగకుండా కట్టింది తనే. ఎవరైనా అడిగితే ఏదో ఒకటి చెప్పవచ్చులే అని ఊరుకుంది.

తరలింపు మొదలైన ఇరవై నిమిషాలకు, సిబ్బంది అంతా చూస్తుండగా, మౌనవాహిక ఆగింది.

"ఆసుపత్రి చీటీని మంగళవారం పదకొండూ పదికి ఒకరు చదివారు" అంది యంత్రం. "ఆ సమయంలో గదిలో ఇద్దరున్నారు. డాక్టర్ ఇందుజ, తొమ్మిదో స్థాయి. పైడిరాజు, మొదటి స్థాయి. చదివినది పైడిరాజు. అతని ప్రవేశం రద్దు చేశాను."

పైడిరాజు ఇరవై ఆరేళ్లుగా ఆ భవనంలో సర్వర్ల దుమ్ము దులుపుతున్న మనిషి. అతని చేతిపట్టీ మీద వెలుగు ఆరిపోయింది. ఇక ఈ తీరంలో ఏ సర్వర్ గది తలుపూ అతనికి తెరుచుకోదు. అతను పట్టీ వైపు చూసి, చేతిలో దుమ్ముగుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"ఇన్నేళ్ల నమ్మకం, ఏం పనయ్యా ఇది" అన్నాడు డైరెక్టర్ కామేశం.

ఇందుజ పర్సును దగ్గరకు లాక్కుంది. అనుమానం వస్తే కింది స్థాయి మనిషినే పట్టుకోమన్న ఆ సూత్రం రాసింది తనే. రహస్యాలు కింది నుంచే కారతాయని అప్పట్లో గట్టిగా నమ్మింది. ఆ నిమిషం అలా నిలబడి, పెద్దాయన మీదికి నింద వెళ్తుంటే చూస్తూ ఊరుకుంది. తరలింపు మళ్లీ సాగింది. తన ప్రాణం కాస్త కుదుటపడటం తనకే తెలిసింది. అప్పుడు ఆమెకు తలకొట్టేసినట్టయింది.

"ఆపు" అంది. "చదివింది నేను."

"నమోదు కుదరదు" అంది మౌనవాహిక. "ఐదో స్థాయి దాటినవారికి చదివారా అన్న ప్రశ్న లేదు."

"ప్రశ్న లేకపోతే ఏం, జవాబు నేనే చెబుతున్నాను కదా."

"ప్రశ్న లేని జవాబుకు చోటు లేదు."

ఇందుజ పర్సు తీసి కాగితం బల్ల మీద పెట్టింది. యంత్రం దాన్ని చూసింది.

"తొమ్మిదో స్థాయి వ్యక్తి దగ్గర దొరికింది కాబట్టి అధికారిక ప్రతిగా నమోదు చేశాను."

ఆమె కామేశం వైపు తిరిగింది. "సార్, మీరైనా వినండి. నేనే రాసుకున్నాను. ఆయనకేం తెలియదు."

కామేశం ఆమె భుజం తట్టాడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

"మీది పెద్ద మనసమ్మా. ముసలాయన్ని కాపాడటానికి మీ పేరు పాడుచేసుకుంటారా? ఆ కాగితం మీకు ఆయన దగ్గర దొరికిందే కదా, నాకు తెలుసులెండి."

చుట్టూ ఉన్నవాళ్లు ఆమెను ఇంకాస్త గౌరవంగా చూశారు. ఆ గౌరవం కింద ఇందుజకు తలెత్తే దారి లేకపోయింది. పైడిరాజు గుమ్మం దగ్గర చేతిపట్టీ విప్పుతున్నాడు. ఆమె వెళ్లి అతని ఎదుట నిలబడింది.

"పైడిరాజు గారూ, నన్ను క్షమించండని అడగడానికి కూడా ముఖం లేదు."

"మీరు రాసుకోడం నాను సూసినాను మేడం" అన్నాడతను నెమ్మదిగా. "నాను సెప్తే ఎవులు నమ్ముతారని ఊరుకున్నాను. మీరు సెప్పినా నమ్మరని మాత్రం అనుకోలేదు."