పొద్దుపోత

హాలు తలుపు తెరవకముందే మందాకినికి తెలిసిపోయింది, ఆ కుర్చీ ఈ రోజు కూడా వచ్చిందని.

పొద్దుపోత జరిగేటప్పుడు రూపమట్టి సన్నగా గురక పెట్టినట్టు చప్పుడు చేస్తుంది. మామూలు సోఫా, నాలుగు పలకల బల్ల అయితే ఆ చప్పుడు ఇట్టే ఆగిపోతుంది. సన్నటి కాళ్ళు, పేము అల్లికలు తయారు కావాల్సినప్పుడే అది అంతసేపు సాగుతుంది. ఆమె వంటింట్లో నిలబడి, కాఫీ చల్లారిపోతున్నా తాగకుండా, ఆ చప్పుడు ఆగేదాకా వింది. తర్వాత వెళ్ళి తలుపు తోసింది.

కిటికీ పక్కన టేకు రంగు కుర్చీ. బయటికి వాలిన కాళ్ళు, ఆ కాళ్ళ కొసలకి ఇత్తడి తొడుగులు, వీపు ఆనే చోట పేము అల్లిక. దాని ముందు చిక్కుడు గింజ ఆకారంలో టీపాయ్. ఆవపసుపు రంగు దిండ్లున్న పొట్టి సోఫా. గోడ మీద చుట్టూ సూర్యకిరణాల్లా పుల్లలు విచ్చుకున్న గడియారం.

అంతా ఉత్పల ఒరవడి.

ఆ రోజుల్లో విశాఖపట్నంలో ఎవరూ ఇంటికి సామాను కొనేవారు కాదు. ఇల్లు కట్టేటప్పుడే నేల కింద తొట్టిలో రూపమట్టి నింపేవారు. రాత్రి హాలు ఖాళీ అయ్యాక అక్కడి కుర్చీలు, బల్లలు కరిగి తొట్టిలోకి జారిపోయేవి. తెల్లవారేసరికి కొత్త రూపంలో పోతపోసుకుని పైకి లేచేవి. దాన్నే పొద్దుపోత అనేవారు. ఏ రూపం కావాలో ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేదు. పైకప్పులో ఇమిడి ఉన్న చూపరి అనే యంత్రం, ఇంట్లోవాళ్ళు దేన్ని ఇష్టంగా చూస్తారో కనిపెట్టి, మర్నాటికి అదే సిద్ధం చేసేది. భోజనాల బల్ల దగ్గర పోట్లాడుకునే కుటుంబాలకి అది గుండ్రటి బల్లలిచ్చింది. నడుం నొప్పి ఉన్నవాళ్ళకి అడగకుండానే ఎత్తు కుర్చీలిచ్చింది. దాన్ని తప్పుపట్టినవాళ్ళు ఎవరూ లేరు.

ఉత్పల, మందాకిని భర్త శశిధర్‌కి మొదటి భార్య. గొడవలేమీ పడకుండానే విడిపోయి హైదరాబాద్ వెళ్ళిపోయింది. అక్కడ పందొమ్మిది వందల అరవైల నాటి ఇళ్ళ పాత ఫోటోలు సేకరించి, ఆ కాలపు కుర్చీలు, దీపాలు, రేడియో బల్లలు రూపమట్టికి నేర్పింది. అరవైల ఒరవడి అని దానికి పేరొచ్చింది. రెండేళ్ళలో విశాఖపట్నంలో సగం ఇళ్ళు ఆ వేషం వేసుకున్నాయి. శశిధర్‌ని పెళ్ళి చేసుకున్నప్పుడు మందాకిని ఆమె గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. రేవులో ఓడల రాకపోకలు చూసుకునే ఉద్యోగం తనది. వెళ్ళిపోయిన ఓడ గురించి ఆలోచించే అలవాటు లేదనుకుంది.

మొదటిసారి ఆ కుర్చీ వచ్చినప్పుడు నవ్వి ఊరుకుంది. తర్వాత ఒకరోజు ఆఫీసు స్నేహితురాలు రమణి ఇంటికొచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఉత్పల గారి ఒరవడి కదా ఇది? ఎంత బాగా కుదిరిందే మీ ఇంటికి. ఆవిడ స్వయంగా వచ్చి సర్దినట్టుంది."

ఆ మాట మందాకిని గొంతులో చేపముల్లులా దిగింది. ఆ సాయంత్రమంతా రమణి ఏం చెప్పిందో ఆమెకు గుర్తులేదు. సోఫా చేతి మీద వేలితో రాస్తూ, ఇంత చక్కటి వంపు తనకెప్పుడైనా తోచేదా అనుకుంటూ కూర్చుంది. తోచేది కాదు. రేవు క్వార్టర్స్‌లో పెరిగిన మనిషి. అక్కడ కుర్చీ అంటే కూర్చునేది, అంతే.

మర్నాడే రూపమట్టి సంస్థకి చెప్పి గది జ్ఞాపకం మొత్తం తుడిపించేసింది. వారం రోజులు హాల్లో రంగూ రుచీ లేని సామాను వచ్చింది. ఆమెకు ప్రాణం కుదుటపడింది. తర్వాత ఒక ఉదయం ఇత్తడి తొడుగులు మళ్ళీ మెరిశాయి.

గది మర్చిపోయింది. అంటే గదికి ఎవరో మళ్ళీ నేర్పారు. ఇంట్లో ఉన్నది ఇద్దరే.

"నీకింకా ఆవిడ మీద మనసుంది," అంది శశిధర్‌తో.

అతను కప్పు టీపాయ్ మీద పెట్టబోయి, ఆమె ముఖం చూసి చేతిలోనే ఉంచుకున్నాడు. "ఎన్నిసార్లు చెప్పను మందా? నేనేం అడగలేదు ఆ కుర్చీని."

"అడగక్కర్లేదుగా. చూస్తే చాలు."

"చూడను కూడా లేదు. నువ్వు చెప్పేదాకా ఆ కుర్చీ మారిందనే నాకు తెలీదు."

"నీకు తెలీకపోవచ్చు. చూపరికి తెలుసు."

అతను కప్పు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. ఊళ్ళో అందరూ నమ్మే యంత్రాన్ని కాదని తన మాట నమ్మమని ఎలా అడగగలడు? మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అంతే. అతను ఏ వైపు చూస్తున్నాడో ఆమె కనిపెట్టడం మొదలుపెట్టింది. అతను తలెత్తడానికే జంకేవాడు. చివరికి పారాదీప్‌లో తన కంపెనీకి సముద్రగర్భపు గొట్టాల పని పడితే, వేరేవాళ్ళు వెళ్ళాల్సింది తనే ఒప్పుకుని వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళిన రెండో రోజు, సముద్రతీరంలో ఉత్పల కొత్త ఒరవడి ప్రదర్శన పెట్టిందని తెలిసింది. వెళ్ళకూడదనుకుంటూనే మందాకిని చీర మార్చుకుంది. ఒకటి కాదు, మూడు మార్చింది.

ఉత్పల అక్కడే ఉంది. ముదురాకుపచ్చ నేత చీర, తెల్లబడుతున్న జుట్టు. రంగు వేసుకోవాలనే ధ్యాస కూడా లేనట్టుంది. రాగి రేకు గొడుగులు మూడు ఒకే కాండానికి మూడు ఎత్తుల్లో వేలాడే నిలువు దీపం ఒకటి అక్కడ ఉంది. దాన్ని వంచి, వెనక్కి జరిగి, మళ్ళీ వంచుతోంది. మందాకిని ఎవరో ఆమెకు తెలియదు.

"కూర్చుని చూడండమ్మా," అంది పక్కనున్న కుర్చీ చూపిస్తూ. "వచ్చినవాళ్ళంతా నిలబడే చూసి వెళ్ళిపోతున్నారు. కుర్చీకి అదేం మర్యాద?"

మందాకిని కూర్చుంది. నడుముకి ఎక్కడ ఆసరా కావాలో అక్కడ ఉంది, చేతులు ఎక్కడ వాలాలో అక్కడ వాలాయి. దీపం వెలుగు ఒళ్ళో పడింది. ఇంత హాయిగా ఉంటుందని ఆమె అనుకోలేదు. అది ఒప్పుకోవాల్సి వచ్చినందుకు ఉత్పలని ఇంకాస్త ద్వేషించింది.

"బాగుందా?"

"బాగుందండీ," అని లేచి బయటపడింది.

మర్నాడు పొద్దుపోత చప్పుడు ఎన్నడూ లేనంతసేపు సాగింది. శశిధర్ ఊళ్ళో లేడు కాబట్టి మామూలు సోఫా వస్తుందనుకున్న మందాకిని, తలుపు తీసి గుమ్మంలోనే నిలబడిపోయింది. కుర్చీ, టీపాయ్, గడియారం అన్నీ ఉన్నాయి, ఎప్పటికంటే నిండుగా. సోఫా పక్కన మూడు రాగి గొడుగుల దీపం వెలుగుతోంది. నిన్నటిదాకా ఊళ్ళో ఏ ఇంట్లోనూ లేని దీపం. శశిధర్ ఎన్నడూ కంటితో చూడని దీపం.

ఆమె సంస్థకి ఫోన్ చేసింది. తారకేశ్వరి అనే ఉద్యోగిని ఓపికగా మాట్లాడింది.

"చూపరి వస్తువుని గుర్తుపట్టడమే కాదండీ. కన్ను దేని మీద ఎక్కువసేపు ఆగుతుంది, ఆగినప్పుడు గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి ఎలా మారుతుంది, ఇవన్నీ చూస్తుంది. బయట చూసొచ్చినవైనా సరే, మీరు చూసిందీ మీ నాడీ నమోదు చేసే చేతి పట్టీ నుంచి తీసుకుంటుంది. మనిషి ఎక్కడెక్కడికి మళ్ళీ మళ్ళీ చూస్తాడో అక్కడే ఇష్టం ఉన్నట్టు లెక్క."

"ఇష్టం కాకపోతే?"

"అర్థం కాలేదండీ."

"కడుపు మండి చూస్తే?"

"దానిక్కూడా గుండె అలాగే కొట్టుకుంటుంది కదండీ," అంది తారకేశ్వరి. "తేడా కనిపెట్టాలని ఎవరూ అనుకోలేదు."

ఇన్నాళ్ళూ ఉత్పలని ఇంటికి పిలిచి కూర్చోబెట్టింది తనేనన్నమాట. మందాకిని ఆ కుర్చీకి ఎదురుగా నేల మీద చతికిలబడింది. ముందు సిగ్గేసింది. తర్వాత, ఎన్నో నెలల తర్వాత, మనసు తేలికపడింది. అతను నిజమే చెప్పాడు. అతను చూడలేదు.

శశిధర్ తిరిగొచ్చిన సాయంత్రం, అతను సంచి కింద పెట్టకముందే చెప్పేసింది.

"నేనే. నువ్వు కాదు. నా కుళ్ళు చూసి గది అలా తయారైంది. అనరాని మాటలన్నాను నిన్ను."

అతను సంతోషిస్తాడనుకుంది. కోప్పడినా సరేననుకుంది. అతను సోఫా అంచున కూర్చున్నాడు.

"మొదట్లో నాకు నిజంగానే కనబడలేదు మందా. నువ్వు రోజూ అడుగుతుంటే చూడ్డం మొదలుపెట్టాను, నువ్వు చూస్తున్నదేంటా అని. చూసేకొద్దీ గుర్తొచ్చింది. ఆవిడ ఒక కాలు కింద మడుచుకుని కూర్చునేది. నేనది మర్చిపోయి ఎంతకాలమైందో." సంచి కింద పెట్టాడు. "పారాదీప్ నుంచి ఆవిడకి ఫోన్ చేశాను."

"ఏమంది?"

"బాగున్నానంది. నేనెలా ఉన్నానని అడిగింది."

"మళ్ళీ చేస్తావా?"

"చేయనని చెప్పాలనే ఉంది. చెప్తే అబద్ధమవుతుందేమో."

మందాకిని ఇన్నాళ్ళ అనుమానం ఇప్పుడు నిజమై ఎదురుగా కూర్చుంది, దాన్ని తెచ్చింది తనే. ఆమె గోడ దగ్గరికెళ్ళి, గదినంతా ఆపేసే మీట కిందికి లాగింది. పైకప్పులో చూపరి ఆరిపోయింది. అతను లేచి నిలబడ్డాడు. సోఫా కరిగింది. గడియారం గోడ మీంచి జారింది. దీపం వంగి వంగి నేలలో కలిసిపోయింది. అన్నిటికంటే చివర కుర్చీ, దాని ఇత్తడి తొడుగులతో సహా.

ఇద్దరూ చెరో గోడకి ఆనుకుని ఉత్త నేల మీద కూర్చున్నారు. కిటికీలోంచి సముద్రపు గాలి గదంతా తిరుగుతోంది. శశిధర్ కళ్ళు కిటికీ పక్కన ఆగిపోయి ఉన్నాయి, ఇందాకటిదాకా కుర్చీ ఉన్న చోట.

మందాకిని లేచి వెళ్ళి ఆ ఖాళీలో కూర్చుంది.

అతను చూపు తిప్పుకోలేదు. ఆ చూపు తన దగ్గరే ఆగిందో, తనలోంచి దాటుకుని ఇంకెక్కడికో వెళ్ళిందో ఆమెకు తెలియలేదు. అతని కళ్ళలోకే చూస్తూ అక్కడే కూర్చుంది.