కొసరు ఉప్పు

అమ్మ నడుముకు కట్టిన తాడు మరోసారి బిగించాలి. దాని రెండో కొసను రుబ్బురోలుకు ముడివేయాలి. కొంగున ఉప్పు మూటగట్టుకోవాలి. పొద్దుగూకేలోగా చెంగల్వ తూనికకొండ ఎక్కి దిగాలి.

మూడుబాటలపేట సంతకు పేరుపడ్డ చిన్న ఊరు. వారం రోజులుగా అక్కడ సరుకులూ మనుషులూ బరువు కోల్పోతున్నారు. మొదట మిరియాలు గాలిలో తేలాయి, ఆనక బెల్లం దిమ్మెలు. నిన్న గానుగ సూరప్ప అందరూ చూస్తుండగానే మబ్బుల్లోకి లేచిపోయాడు. ఇవాళ అమ్మ కాళ్లు నేల విడిచాయి.

కారణం చెంగల్వకు తెలుసు. తూకం వేసే తండ్రి ఊళ్లో లేని సంతరోజున తక్కెడ దగ్గర తనే కూర్చుంది. ఉప్పు కొన్న ఒక అవ్వ కొంగు పట్టుకుని అలాగే నిలబడింది. తూకం అయ్యాక చిటికెడు కొసరు వేయనిదే ఆ ఊళ్లో బేరం ముగిసినట్టు కాదు. వెనక జనం తొందరపెడుతుంటే చెంగల్వ, తూకం సరిపోయిందిగా, జరగమంది. అవ్వ కొండవైపు నడిచిపోయింది. ఆమె నీడకు కొమ్ములున్నాయి.

"ఎల్లొద్దే తల్లీ, నాన్నను రానీ" అంది అమ్మ దూలం దగ్గర నుంచి.

"నాన్న వచ్చేసరికి తాడు తెగుతుందమ్మా. తప్పు నాది."

వాగు దాటించడానికి తాబేలు గుప్పెడు ఉప్పు పుచ్చుకుంది. అడవిలో రెండు తలల పాము దారికి అడ్డంగా పడుకుని ఉంది. ఒక తలకు గుప్పెడు వేస్తే, "వాడికే పెట్టావు, నేనేమన్నా సవతి కొడుకునా?" అని రెండోది బుసకొట్టింది. దానికీ వేయక తప్పలేదు. కొండ సగం ఎక్కేసరికి ఆమె పాదాలు కూడా నేలకు ఆనడం మానేశాయి. చేతికందిన పొదనల్లా పట్టుకుని పాకింది.

శిఖరం మీద ఇంటంత తక్కెడ ముందు ఆ అవ్వే కొమ్ముల భూతమై కూర్చుని ఉంది. ఊరి బరువంతా నల్లటి గుండులా దాని ఒళ్లో ఉంది.

"నా కొసరేదే?"

చెంగల్వ కొంగు విప్పింది. ఖాళీ. ముడి మడతల్లో గోటితో గీకితే నాలుగు ఉప్పు పలుకులు రాలాయి.

"ఇంతేనా?"

"ఇంతే అవ్వా. ఉన్నదాంట్లోదేగా కొసరు. ఆ రోజు వేయకపోవడం తప్పే."

భూతం ఆ పలుకులు నాలుక మీద వేసుకుని చాలాసేపు చప్పరించింది. కొమ్ములు కరిగాయి. అవ్వ నల్లగుండును ఊరివైపు దొర్లించింది. చెంగల్వ పాదాలు నేలను తాకాయి.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరితే, అమ్మ రుబ్బురోలు మీద కూర్చుని ఒరుసుకుపోయిన నడుము రుద్దుకుంటోంది. సూరప్ప గడ్డివామి మీద పడి బతికాడు. తండ్రి రాగానే జరిగింది విని తక్కెడను కూతురి చేతికిచ్చాడు. ఆనాటి నుంచి ఊరి తూకం ఆమెదే.

పిల్లలూ, కొట్లో ఎవరైనా మీకు తూకం మీద చిటికెడు ఎక్కువ వేస్తే, కొంగు పట్టుకుని నిలబడ్డ ఆ అవ్వను ఒక్కసారి తలచుకోండి.