రెండు షట్టర్ల ముందు నాలా

గొడుగులు అమ్మేవాడి దుకాణం వానకు మునిగితే ఊరంతా నవ్వుతుంది. ఆ సంగతి రత్నాకర్‌కు తెలుసు. ఇంకొకడిది మునిగి ఉంటే తనూ నవ్వేవాడే.

నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్‌కు అడ్డంపడి వచ్చే గల్లీలో అతని షట్టర్. నిన్న సాయంత్రం గంటసేపు కురిసిన వానకు ముందున్న నాలా పొంగి, మోకాలిలోతు నీళ్లు లోపలికి వచ్చాయి. పొద్దున చూస్తే సీజన్ కోసం తెచ్చిన గొడుగులన్నీ బురదలో పొర్లుతున్నాయి. వాటి మధ్య ఆడవాళ్ల చెప్పులు. అన్నీ కుడికాలివే.

"సేఠ్, నా చెప్పులు నాకియ్యి."

గుమ్మంలో పక్క షట్టర్ సంహిత, చేతిలో ఎడమకాలి చెప్పుల గోనెసంచి. నాలుగేళ్లుగా చెప్పుల దుకాణం ఒక్కతే నడుపుతోంది. "షోకేసుల పెట్టిన కుడికాళ్లన్నీ నీ దాంట్లకే కొట్టుకొచ్చినయ్."

"నేనేమన్న పిలిచిన్నా? నీ ఖాళీ డబ్బాలు నాలాల పారేస్తవ్. గందుకే జామ్ అయ్యింది."

"నా డబ్బాలా? నీ గొడుగుల కవర్లు ఏడవోతున్నయో జర చెప్పు!"

"కవర్లు నేను తూకానికి అమ్ముకుంట."

"ఔ, నువ్వు గాలి గూడ అమ్ముకునే రకం."

నాలుగేళ్లలో ఆమె తనతో ఇంతసేపు మాట్లాడింది ఇవాళే. ఇంత నష్టంలో అదొక్కటే లాభమనుకున్నాడు రత్నాకర్.

అంతలో ప్యాంటు మడిచి రెండు షట్టర్ల ఓనరు అమరేశ్వరరావు దిగాడు. వెనకే గడ్డపారతో నాలాలు తీసే బిచ్చయ్య.

"నాలా ఎవరి చెత్తతోని మూసుకుందో, వాళ్లు నెలాఖరుకు షట్టర్ వాపస్ ఇయ్యాలె. ఒక్కటే మాట!"

ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. అబిడ్స్ చుట్టుపక్కల పెళ్లికి పిల్ల దొరుకుతుందేమో గాని, కిరాయికి షట్టర్ దొరకదు.

ఆమె డబ్బాలే బయటపడాలని మొక్కుకోబోయి రత్నాకర్ ఆగిపోయాడు. ఆమె వెళ్లిపోతే రేపటినుంచి షట్టర్ ఎత్తి ఎటు చూడాలి?

బిచ్చయ్య బండ లేపి, చెయ్యి పెట్టి ఒక ముద్దను లాగాడు. డబ్బాలు కావు, కవర్లు కావు. నల్లబడ్డ నిమ్మకాయలు, మిరపకాయలు. వాటిని గుచ్చిన తీగలూ దారాలూ కలిసి వల అల్లుకున్నాయి. ఆ వలలో బూడిద గుమ్మడి చెక్కలు.

"దిష్టి సార్," అన్నాడు బిచ్చయ్య. "ఏండ్ల సంది పారేసిన దిష్టి."

"ఎవరిది?"

నోరు మూసుకుంటే పోయేదేమీ లేదు. అయినా రత్నాకర్ నోరు తెరిచాడు. "తీగకు గుచ్చినయి నావి. శనివారం శనివారం విప్పి నాలాలనే ఏసిన. గుమ్మడికాయలు గూడ నావే."

సంహిత అతనివైపు వింతగా చూసింది. "దారంతోటి కట్టినయి నావి. మంగళవారం మంగళవారం ఏసిన."

"నీకెవరి దిష్టమ్మా?" అన్నాడు ఓనరు.

"ఇగో, ఈయన్దే! పొద్దంత నా దుకాణం దిక్కే చూస్తడు. నా గిరాకీ మీద కన్నేసిండనుకున్న."

"గిరాకీ మీద కాదు," అన్నాడు రత్నాకర్. అనేశాక గాని తెలియలేదు, అన్నానని.

బిచ్చయ్య గడ్డపార పక్కన పెట్టి సుఖంగా కూర్చున్నాడు.

"మరి నువ్వెవరి దిష్టికి కట్టినవ్?" అడిగింది సంహిత.

"నువ్వు గూడ చూస్తవ్ గదా. నా గొడుగుల రేట్లు చూస్తున్నవనుకున్న."

"గొడుగులెవరు చూస్తరు!" అని ఆమె నాలుక కరుచుకుంది.

"మీ ముచ్చట్లు తర్వాత," కసిరాడు అమరేశ్వరరావు. "ఖాళీ చేసేదెవరు?"

రత్నాకర్ బుర్ర చకచకా పనిచేసింది. వానకు చెప్పులు తెగుతాయి. వానకే గొడుగులు కావాలి. "రావ్ సాబ్, ఒక షట్టర్ మీరు తీసుకోండ్రి. ఇంకోదాంట్ల ఇద్దరం ఉంటం. పైన గొడుగులు, కింద చెప్పులు."

"ఇద్దరా? ఏం వరస కలిపి?"

"గామె ఒప్పుకుంటే... మొగుడూ పెండ్లాలం."

సంహిత తడిసిన గొడుగులను చూసింది, అతన్ని చూసింది.

"బోర్డు మీద ముందు నా పేరుండాలె."

"సరే."

"గల్లాపెట్టె కాడ నేనే కూసుంట."

"సరే."

"మా అమ్మను ఒప్పించుడు నీ పని."

"సరే."

సంహిత కళ్లు చిట్లించింది. 'ఒకటే రేటు, బేరం లేదు' అని గోడమీద రాసుకున్న మనిషి ఇతను. "అడిగిందల్ల ఒప్పుకుంటున్నవ్. మాల్‌ల ఏదో లోపముంది."

"ఉంది. వానకు తడిసింది. వాపస్ తీసుకోబడదు."

ఆమె నవ్వాపుకుంటూ ఎడమకాళ్ల సంచిని అతని కాళ్లముందు పడేసింది. "మరి కూసో. జతలు కలుపు."

అమరేశ్వరరావు ప్యాంటు దించుకుని వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి అరిచాడు.

"పెండ్లినాడు దిష్టి తీసిన గుమ్మడికాయ మాత్రం నాలాల ఎయ్యకుండ్రి!"