ఘటాసురుడి ఇంటికి చుట్టాలు

మేఘగిరి రాజ్యంలో మేఘాలకు లోటు లేదు, గిరులకూ లోటు లేదు. గుక్కెడు మంచినీళ్ళకే కరువు. శిఖరం మీది ఊటకు అడ్డంగా ఘటాసురుడనే రాక్షసుడు ఇల్లు కట్టుకున్నాడు. కింద కొండపల్లెల జనం బురదగుంటల నీళ్ళు తాగి రోగాల పాలవుతున్నారు. ఊటను విడిపించినవారికి కొండసీమ ఏలుబడి ఇస్తానని రాజు చాటింపు వేయించాడు. కత్తులు దూసి వెళ్ళిన వీరులు చెట్టుకొకరు పుట్టకొకరుగా పారిపోయి వచ్చారు.

కొండపల్లె పిల్ల చిలకమ్మకు ఏలుబడి మీద మోజు లేదు. ఆమె చెల్లెలు ముత్యాలు మంచం పట్టింది. మంచినీళ్ళు పడితేనే పిల్ల దక్కుతుందని వైద్యుడు చెప్పేశాడు. చిలకమ్మ కొంగు బిగించి కొండెక్కింది.

దారిలో ఒక ముని కనిపించాడు.

"స్వామీ, ఆ రాక్షసుణ్ణి గెలిచే మంత్రం చెప్పండి."

"వాడు మంత్రాలకు లొంగడమ్మా. మర్యాదకు మాత్రం ప్రాణమిస్తాడు. నేను వెళితే కాళ్ళు కడిగి, నీళ్ళిచ్చి పంపాడు."

"మరి ఊరికోసం ఊట అడగలేదేం?"

"నా కమండలం నిండింది కదా!" అన్నాడు ముని.

చిలకమ్మ ఆయనకు దండం పెట్టి, లోపల తిట్టుకుంటూ ముందుకు సాగింది. ఆపైన పెద్దపులి అడ్డొచ్చింది. పాపం, దాని నాలుకా పిడచగట్టుకుపోయింది. "నీకూ నీళ్ళు ఇప్పిస్తాను, రా" అనగానే పిల్లిలా వెంట నడిచింది.

"ఎవరే నువ్వు?" అని శిఖరం మీది తన ఇంటి గుమ్మంలోంచి ఘటాసురుడు గర్జించాడు.

చిలకమ్మ తాపీగా అరుగు మీద కూర్చుంది. "ఇంటికొచ్చినవాళ్ళకు మంచినీళ్ళివ్వకుండా పేరు అడుగుతావేం మామయ్యా? మీ అమ్మ నేర్పలేదా?"

రాక్షసుడు నాలుక కరుచుకుని, పరుగున చెంబెడు నీళ్ళు తెచ్చాడు. పులి ముందు ఒక బాన కూడా పెట్టాడు. చిలకమ్మ చెంబు ముట్టలేదు.

"మావాళ్ళను వదిలి నేనొక్కదాన్నే ఎలా తాగను? పిలుచుకురానా?"

"ఎంతమందైనా రానీ! నా గుమ్మం తొక్కినవాళ్ళు దాహంతో పోతే నా పరువేం కాను?" అన్నాడు ఘటాసురుడు.

మర్నాడు ముత్యాలును డోలీలో మోసుకుంటూ పల్లెలన్నీ కదిలాయి. "బావా!" అన్నారు మగవాళ్ళు. "అన్నా!" అన్నారు ఆడవాళ్ళు. ముసలమ్మలైతే "ఒరే అబ్బాయ్, చెంబు తోమావా?" అని నిలదీశారు. మరునాడూ వచ్చారు, ఆ మరునాడూ వచ్చారు. చెంబులందించలేక రాక్షసుడి నడుము విరిగింది. పొమ్మందామంటే పరువు అడ్డొచ్చింది.

చివరికి చేతులు జోడించాడు. "తల్లీ, మీరు రావద్దు. నీళ్ళే మీ ఇళ్ళకు వస్తాయి!" అన్నాడు. వెదురుబొంగుల కణుపులు తొలిచి, ఒకదానికొకటి అతికి, ప్రతి పల్లెకూ తానే ఊటనీళ్ళు దించాడు.

రాజు కిరీటంతో, మేళతాళాలతో వచ్చేసరికి చిలకమ్మ వెదురుధార కింద ముత్యాలుకు తలంటుతోంది. తేరుకున్న పిల్ల దోసిలి పట్టి తాగుతూ కేరింతలు కొడుతోంది. చిలకమ్మకు సంతోషంతో ఏడుపు ఆగడం లేదు.

"అమ్మాయీ, కిరీటం!" అన్నాడు రాజు.

"కాసేపు పట్టుకోండి ప్రభూ, పిల్ల ఇంకా తాగుతోంది" అంది కొండసీమ రాణి.